పరిశోధన పల్లెకు పరాయిది కాదు

(పెనుగొండ గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఒక గ్రామ గ్రంథాలయము ఇరువదియైదు సంవత్సరములు నిలిచి రజతోత్సవము జరుపుకొనుట సామాన్యమైన విషయము కాదు. గోడలును బీరువాలును ఉన్నంతమాత్రమున గ్రంథాలయము నిలువదు. సాయంకాలము పొలమునుండి వచ్చి, కాళ్ళు కడుగుకొని, పత్రికకై చేయి చాచిన రైతు దానిని నిలిపినాడు. బడి వదలగానే బొమ్మల పుస్తకముల కొఱకు పరుగెత్తి వచ్చిన పిల్లవాడు నిలిపినాడు. వంట ముగించుకొని నవల కొఱకు కబురంపిన గృహిణి నిలిపినది. అట్టి చదువరులు కూడిన ఈ సభయందు ముచ్చటింపదగిన విషయము ఒకటి కలదు. అది విద్యాలోకమున నాలుగు దెసల సాగుచున్న పరిశోధన.

పరిశోధన అను మాట వినగానే పల్లెవాని కన్నుల యెదుట ఒక చిత్రము నిలుచును. పట్టణములో పెద్ద భవనము, అందు తెల్లకోటు తొడిగిన ఆచార్యులు, గాజు గొట్టములు, అర్థముకాని ఆంగ్ల గ్రంథములు. ఆ పనికిని తన మడిచెక్కకును, మంచముపై మూలుగు రోగికిని, అటకమీది తాటాకు కట్టకును సంబంధము లేదని అతని తలంపు. ఈ తలంపు సరియైనది కాదు. పెనుగొండనుండి ఒక్క దినములో పోయి రాదగిన దూరములోనే సాంకేతికము, విజ్ఞానము, వైద్యము, చరిత్ర అను నాలుగు శాఖలకును సంబంధించిన గొప్ప పరిశోధనల జాడలు కలవు. ధవళేశ్వరము, మార్టేరు, భీమవరము, మినిమించిలిపాడు అను నాలుగు పేర్లను గుర్తుంచుకొన్నచో ఈ ప్రసంగ సారమంతయు గుర్తున్నట్లే.

ముందుగా పరిశోధన యనగా నేమో తెలియవలెను. ఒక రైతు "ఈ విత్తనము మంచిది, ఎకరమునకు నాలుగు బస్తాలు ఎక్కువ పండును" అనును. అది అతని అనుభవము, కాదనుటకు వీలులేదు. అయినను ఆ సంవత్సరము వానలు బాగుగా కురిసినవేమో, ఆ మడిలో పశువుల ఎరువు ఎక్కువ పడినదేమో ఎవరికి తెలియును? రెండు విత్తనములను ఒకే పొలములో ప్రక్కప్రక్కన నాటి, ఒకే ఎరువు వేసి, ఒకే నీరు పెట్టి, పండినదానిని తూచి, మఱుసటి సంవత్సరము మరల నాటి, వేరొక ఊరిలోను నాటి చూచి, అంకెలను దాచక వ్రాసిపెట్టినచో అది పరిశోధన యగును. ప్రశ్న, పరీక్ష, లిఖితము అను మూడును కలిసినప్పుడే పరిశోధన. వ్రాసిపెట్టుట దేనికనగా, మఱియొకడు చూచి తప్పున్నచో దిద్దుటకు. తన తప్పును పరులు పట్టుకొనుటకు తానే దారి చూపు విద్య ఇది. దాని గొప్పదనమంతయు అందే యున్నది.

ఇక మొదటి పేరు ధవళేశ్వరము. గోదావరి నీరు వృథాగా సముద్రమున కలియుచుండగా, దాని యొడ్డుననే జనులు కరవునకు బలియైన కాలమొకటి కలదు. 1833 ప్రాంతపు కరవును, తరువాత వచ్చిన తుపానును, ఉప్పెనను ఈ సీమను క్రుంగదీసినవి. 1821కిని 1841కిని నడుమ జిల్లా జనసంఖ్య పెరుగుటకు మారుగా తగ్గిపోయినది. అట్టి స్థితిలో సర్ ఆర్థర్ కాటన్ ఈ నదిని పరిశీలించి, ఆనకట్ట కట్టవలెనని ప్రభుత్వమునకు నివేదించెను. 1847లో పని ఆరంభమై 1852లో ముగిసినది. పనివారిని కూర్చి, పని నడిపించుటలో వీణం వీరన్న ఆయనకు కుడిభుజమై నిలిచెను.

ఇందు పరిశోధన యెక్కడ నున్నదని అడుగవచ్చును. ఇంత వెడల్పైన నదికి అడుగున అందుబాటులో రాయి లేదు. ఎంత త్రవ్వినను ఇసుకయే. ఇసుకపై నిలుచు కట్టడమును కట్టుట ఎట్లు? ఈ ప్రశ్నకు సమాధానము కాటన్‌కు లండనులో దొరకలేదు, తంజావూరు సీమలో దొరికినది. అక్కడ కావేరిపై చోళులు కట్టించిన కల్లణై యను ప్రాచీనమైన ఆనకట్ట కలదు. కరికాల చోళుడు దానిని కట్టించెనని ప్రసిద్ధి. ఇసుకలో పెద్ద పెద్ద రాళ్ళను వేసినచో అవి క్రుంగును. వానిపై మరల వేసినచో మరల క్రుంగును. చివరకొక స్థాయిలో కదలక నిలుచును. ఈ సూక్ష్మమును తాను ఆ ప్రాచీనుల నుండియే నేర్చుకొన్నట్లు కాటన్ దాచక చెప్పెను. 1836లో కొల్లడము నదిపై ఆనకట్ట కట్టి దానిని పరీక్షించిన పిమ్మటనే గోదావరికి వచ్చెను. పేరు తెలియని చోళదేశపు పనివారి నేర్పు పదునెనిమిది వందల మైళ్ళు కాదు, పదునెనిమిది వందల యేండ్లు నడచి ధవళేశ్వరము చేరినదని చెప్పవచ్చును.

నేడు అదే చోట కాటన్ పేరుగల బ్యారేజి నిలిచియున్నది. విజ్జేశ్వరము వైపున బయలుదేరిన పశ్చిమ డెల్టా కాలువల నీరే పెనుగొండ చేలను తడుపుచున్నది. అయితే ఒక సమస్య తీరగానే మఱియొక సమస్య తలయెత్తుట లోకరీతి. నీరు తెచ్చుట నేర్చిన పిమ్మట నీరు పోవుట యెట్లను ప్రశ్న పుట్టినది. డెల్టా నేల బల్లపరుపు. భారీ వర్షములు కురిసి, మురుగు కాలువలు పొంగినప్పుడు నాటిన చేలు దినముల తరబడి నీట మునిగియుండును. కరవుచే ఏడ్చిన రైతు మునకచే ఏడ్వవలసి వచ్చెను. ఈ ప్రశ్న ఇంజనీరు చేతిలో నుండి కొంత వృక్షశాస్త్రజ్ఞుని చేతికి వచ్చినది. అందుచే రెండవ పేరు మార్టేరు.

మార్టేరు పెనుగొండకు కొద్ది మైళ్ళ దూరమున నున్నది. అక్కడ 1925లో వరి పరిశోధన కేంద్రము ఏర్పడినది. నేడది ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయమునకు చెందినది. విత్తనపు సంచిపై ఎం.టి.యు. అను మూడక్షరములు చూడని రైతు ఈ సీమలో ఉండడు. ఆ అక్షరములు మార్టేరు పేరునకు సంక్షేపము. ఎం.టి.యు. 7029 అనగా స్వర్ణ. 1982లో విడుదలయైన ఈ వంగడము వసిష్ఠ, మాసూరి అను రెండు వంగడముల సంకరము. మాసూరి కథయు విచిత్రమైనది. దాని తలిదండ్రులలో ఒకటి మలయా వరి, రెండవది తైవాను వరి. ఆ రెంటిని కటకమునందు కలిపిరి. 1965లో మలేషియాలో విడుదల చేసిరి. అది మరల తెలుగుదేశము చేరి మార్టేరులో స్వర్ణకు జన్మకారణమైనది.

సంకరము చేయుట వినుటకు సులభము, చేయుట కష్టము. వరి పువ్వు తన పుప్పొడితో తానే ఫలించునట్టిది. కావున పువ్వు విచ్చుకొనక పూర్వమే గింజకు పై భాగమును కత్తిరించి, లోపలి ఆరు కేసరములను తీసివేసి, వేరొక వంగడపు పుప్పొడిని రాల్చి, కాగితపు సంచి తొడుగుదురు. అట్లు పుట్టిన గింజలను నాటి, వేల మొక్కలలో మంచివానిని ఏరి, మరల నాటి, మరల ఏరి, ఎన్నో పంటకాలములు గడుపుదురు. పలు జిల్లాలలో పరీక్షింతురు. తుదకు మినీకిట్లను పేరిట చిన్న సంచులలో రైతుల కిచ్చి, రైతు మడిలో రైతు చేతనే పండింపజేసి, అతడు బాగున్నదన్న పిమ్మటనే విడుదల చేయుదురు. కావున ఆ పరిశోధనలో తుది తీర్పు వ్రాయువాడు రైతే.

స్వర్ణ తక్కువ ఎరువుతో బాగుగా పండుటచే ఒరిస్సా, బెంగాలు, ఛత్తీస్‌గఢ్, బీహారు మొదలగు రాష్ట్రములకును, బంగ్లాదేశమునకును ప్రాకినది. కాని అది వారము పది దినములు పూర్తిగా మునిగినచో చచ్చును. మునిగినను చావని నాటు వరి యొకటి ఒరిస్సాలో కలదు. అది మునకను ఓర్చును గాని దిగుబడి స్వల్పము. దాని ఓర్పునకు కారణమైన జన్యువును శాస్త్రజ్ఞులు గుర్తించి 2006లో ప్రకటించిరి. అది పనిచేయు తీరు వినదగినది. మామూలు వరి మునిగినప్పుడు గాలి కొఱకు ఆత్రపడి పైకి సాగి సాగి, తనలోని పిండిపదార్థమునంతయు ఖర్చుచేసికొని, నీరు తీయునప్పటికి శక్తి నశించి కూలును. ఆ జన్యువు గల వరి తొందరపడదు. ఎదుగుట మాని, ఉన్నదానిని పొదుపుచేసికొని, నీరు తీసిన పిమ్మట మరల చిగిర్చును. ఫిలిప్పైన్సులోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఆ గుణమును స్వర్ణలోనికి ఎక్కించెను. స్వర్ణ-సబ్1 అను ఆ వంగడము 2009లో మన దేశమున విడుదలయైనది. అది సుమారు రెండు వారముల మునకను తట్టుకొనగలదు. పేరుపొందిన వంగడము పుట్టినది మార్టేరులో. ఓర్పు నేర్పినది ఒరిస్సా పల్లెల నాటు వరి. ఆ రెంటిని కలిపినది సముద్రము కావలి ప్రయోగశాల. ఆ నాటు వరిని తాతముత్తాతల నాటినుండి పండించుచు వచ్చిన పేద రైతులు లేనిచో ఈ విజయము లేదు.

నీరు నిలిచిన చోట పైరు మునుగుటయే కాదు, దోమయు పుట్టును. ముఖ్యముగా ఇంటి మురుగు నిలిచిన గుంటలలో పుట్టు దోమ బోదకాలు వ్యాధిని తెచ్చును. గోదావరి జిల్లాలు ఈ వ్యాధికి నెలవులని చిరకాలముగా పేరుపడినవి. అందుచే మూడవ పేరు భీమవరము.

1895 జనవరి 12న భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు రాజమహేంద్రవరమునందును, చెన్నపట్టణమునందును చదివెను. ప్రవేశపరీక్షలో రెండుమార్లు తప్పి, మూడవమారు గెలిచెను. పరీక్ష తప్పిన బాలుని ఎదుట ఇల్లంతయు తలవంచుకొను అలవాటుగల తలిదండ్రులు ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను. ఆయన సోదరు లిద్దరు సంగ్రహణి వ్యాధిచే కొద్ది దినముల తేడాలో మరణించిరి. ఆయనకును ఆ వ్యాధి సోకి, ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సచే కుదిరినది. ఆ దుఃఖమును, ఆ యాశ్చర్యమును ఆయన మనస్సును వీడలేదు. మామగారి సహాయముతోను, కాకినాడ ప్రాంతపు మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ తోడ్పాటుతోను అమెరికా వెడలి, హార్వర్డు విశ్వవిద్యాలయమున చేరెను.

అక్కడ ఫిస్క్ అను ఆచార్యునితో కలిసి రక్తము మొదలగు వానిలోని భాస్వరమును కొలుచు పద్ధతిని కనిపెట్టి 1925లో ప్రకటించెను. అది నేటికిని వారిద్దరి పేరుననే ప్రసిద్ధము. కొలబద్ద చేతికి రాగానే క్రొత్త వస్తువులు కంటబడినవి. కండరములలో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును 1927లోను, ఏ.టి.పి. అను పదార్థమును 1929లోను వారు ప్రకటించిరి. అదే కాలమున జర్మనీలో లోమన్ అను శాస్త్రజ్ఞుడును ఏ.టి.పి.ని కనుగొనెను. నాగలి పట్టిన చేయి కదలినను, ఈ మాటలు వినుచున్న చెవి పనిచేసినను, ఆ కదలికకు కావలసిన శక్తిని అందించునది ఆ పదార్థమే.

1940లో సుబ్బారావు లెడర్లీ అను ఔషధ సంస్థలో చేరి పరిశోధనలకు నాయకత్వము వహించెను. ఇచ్చట బొంబాయి ప్రస్తావన ఒకటి అవసరము. లూసీ విల్స్ అను ఆంగ్ల వైద్యురాలు 1928 నుండి బొంబాయిలో మిల్లు పనివారైన గర్భిణీ స్త్రీల రక్తహీనతను పరిశీలించెను. రొట్టెలు పొంగించు ఈస్టు సారమును తినిపించినచో ఆ రక్తహీనత కుదురునని ఆమె 1931లో వెల్లడించెను. అందలి మందు ఏదో అప్పటికి తెలియదు. ఆ వస్తువే ఫోలిక్ ఆమ్లమని తరువాత తేలినది. దానిని కృత్రిమముగా తయారుచేయు మార్గమును 1945లో సుబ్బారావు బృందము సాధించినది. ఆయన సోదరులను బలిగొన్న సంగ్రహణికిని అది చికిత్సలో ఉపయోగపడినది. సోదరులు పోయిన యింట పుట్టిన ప్రశ్నకు లోకమునకంతకు పనికివచ్చు సమాధానము దొరికినది. నేడు ఆసుపత్రిలో గర్భిణీ స్త్రీకి ఇనుపధాతువుతో కలిపి యిచ్చు బిళ్ళలో నున్నది ఆ ఫోలిక్ ఆమ్లమే.

ఆ ఆమ్లమునకు విరుద్ధముగా పనిచేయు అమినాప్టెరిన్ అను మందునుకూడ ఆ బృందమే తయారుచేసినది. దానితో బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బర్ లుకేమియా అను రక్త క్యాన్సరు సోకిన పసిపిల్లలకు కొంతకాలము ఉపశమనము కలిగించి, 1948లో ఆ సంగతి వెల్లడించెను. అంతకుముందు ఆ వ్యాధికి వైద్యుల చేతిలో ఏమియు లేదు. ఆ వర్గమునకే చెందిన మెథోట్రెక్సేట్ నేటికిని క్యాన్సరునకును, కీళ్ళవాతమునకును వాడబడుచున్నది.

ఇక బోదకాలు మాట. ఆ వ్యాధి పురుగులు దోమలో పెరుగునని 1877లో చైనాదేశమున పాట్రిక్ మాన్సన్ చూపెను. దోమ కడుపులో మలేరియా క్రిమిని 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రొనాల్డ్ రాస్ కనుగొనెను. రాస్ పనికి ప్రోత్సాహము మాన్సన్‌దే. శత్రువు తెలిసినను మందు లేకపోయెను. సుబ్బారావు నాయకత్వమున లెడర్లీ శాస్త్రజ్ఞులు హెట్రాజాన్ అను మందును కనుగొని 1947లో ప్రకటించిరి. డి.ఇ.సి. అని ఇంటింటికి తెచ్చి యిచ్చు బిళ్ళ అదియే. భీమవరమున పుట్టి, బోదకాళ్ళను చూచి పెరిగిన సీమ బిడ్డడు ఖండాంతరమున నడిపించిన పరిశోధనా ఫలము మరల భీమవరము వీథులకు చేరినది. 1948 ఆగస్టులో ఆయన కన్నుమూసెను. స్వదేశమునకు తిరిగి రాలేదు. ఆయన మందు మాత్రము వచ్చినది.

కాని యింత గొప్ప పరిశోధన ఎక్కడ ఆగిపోవచ్చునో విన్నచో ఆశ్చర్యము కలుగును. అది ఇంటి గుమ్మము నొద్ద ఆగిపోవచ్చును. కార్యకర్త బిళ్ళలు తెచ్చినప్పుడు "జబ్బు లేనివానికి మందెందుకు?" అని త్రిప్పి పంపువారు కలరు. ఆ పురుగులు శరీరములో నేండ్ల తరబడి దాగియుండును. వాని పిల్లలు రాత్రివేళ రక్తములో తిరుగును. అందుచేతనే ఆ రక్తపరీక్షను రాత్రివేళ చేయుట వాడుక. కాలు వాచునప్పటికి చాల కాలము గడచిపోవును, ఆ వాపును బిళ్ళ తీసివేయజాలదు. కావున ఆరోగ్యవంతుడు మ్రింగిన బిళ్ళ అతనిని, అతని పొరుగింటి పసివానిని కాపాడును. గర్భిణులు, రెండేండ్ల లోపు శిశువులు, తీవ్ర వ్యాధిగ్రస్తులు తప్ప తక్కినవారు దానిని వైద్యశాఖవారు చెప్పినట్లు వేసికొనవలెను. లెడర్లీలో మొదలైన పని ముగియవలసినది ఈ వీథియందే.

ఈ సంగతులన్నియు నేడు తెలియుచున్నవనగా ఎవరో వ్రాసియుంచుటచేతనే కదా! గతమును పరీక్షించి వ్రాయు విద్య చరిత్ర. అందుచే నాలుగవ పేరు మినిమించిలిపాడు. పోడూరు ప్రాంతమున నున్న ఆ చిన్న గ్రామమున 1891లో మల్లంపల్లి సోమశేఖర శర్మ జన్మించెను. కళాశాల పట్టములు లేకుండనే, చెన్నపట్టణపు గ్రంథాలయములలో చదివి, శాసనముల లిపి నేర్చి ఆయన చరిత్రకారుడయ్యెను. ఆంధ్ర విజ్ఞాన సర్వస్వ నిర్మాణమున కొమర్రాజు లక్ష్మణరావునకు తోడ్పడెను. ఆయన రచించిన రెడ్డి రాజ్యముల చరిత్రను 1948లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ప్రకటించినది. 1963లో దివంగతుడగుటకు ముందు ఆ విశ్వవిద్యాలయముననే ఆయన పరిశోధకులకు మార్గదర్శి యయ్యెను. పట్టము లేనివాడు పట్టభద్రులకు గురువగుట గ్రంథాలయ మహిమ గాక మఱేమి?

1323లో కాకతీయ రాజ్యము పడిపోయిన పిమ్మట ఆంధ్రదేశమున ఏమి జరిగినదో చాలకాలము స్పష్టముగా తెలియలేదు. విలస గ్రామమును దానమిచ్చిన ముసునూరి ప్రోలయ నాయకుని తామ్రశాసనము ఆ చీకటిలో దీపమైనది. శర్మయు, నేలటూరి వెంకటరమణయ్యయు కలిసి దానిని పరిష్కరించి ప్రకటించిరి. కొన్ని రాగిరేకులు దొరికినందున ఒక తరము చరిత్ర వెలుగు చూచినది. ఆ రేకులను ఎవరైన కరగించి చెంబు చేయించుకొనియున్నచో? ఈ ప్రశ్నను ప్రతి గృహస్థుడును తన్ను తాను అడుగుకొనవలెను.

చరిత్రకారుని పద్ధతి యెట్టిదో ఈ పెనుగొండ పేరుతోనే చూడవచ్చును. అనంతపురపు సీమలో పెనుకొండ యున్నది. 1565 యుద్ధము తరువాత విజయనగర రాజులకు అది రాజధాని యైనది. పేర్లు దగ్గరగా నున్నందున ఒకదాని సంగతి మఱియొకదానికి అంటగట్టు ప్రమాదము కలదు. కావున పాత వ్రాతలో పేరు కనబడగానే అది ఏ ఊరని మొదట తేల్చుకొనవలెను. ఇక ఈ క్షేత్రమునకు కీర్తి తెచ్చిన వాసవీ కన్యకాపరమేశ్వరి కథలో విష్ణువర్ధనుడను రాజు వచ్చును. వేంగి నేలిన తూర్పు చాళుక్యులలో ఆ పేరుగల రాజులు పలువురు. విష్ణువర్ధన, విజయాదిత్య నామములను వారు తరతరములుగా మార్చి మార్చి ధరించిరి. అందుచే పేరు చూచి కాలము నిర్ణయించుటకు వీలులేదు. శాసనము కావలెను, తిథి కావలెను, మఱియొక సాక్ష్యము కావలెను. ఇట్లడుగుట భక్తుని భక్తికి భంగము కాదు. దీపము వెలిగించువాడును, శాసనము చదువువాడును ఒకే గుడిలో ప్రవేశింతురు; ఇద్దరును వెదకునది సత్యమునే. ఇట్టి పనికే రాజమహేంద్రవరమున భావరాజు వెంకట కృష్ణారావు మొదలగువారు 1922లో ఆంధ్రేతిహాస పరిశోధక మండలిని స్థాపించిరి.

ఈ నాలుగు కథలను కలిపి చూచినచో ఒక సత్యము తోచును. చోళుల కట్టడపు చరిత్ర తెలియుటచే కాటన్ ఆనకట్ట నిలిచినది. ఆనకట్ట నీరు రాగా వరి పరిశోధన అవసరమైనది. నిలిచిన మురుగువలన వైద్య పరిశోధన అవసరమైనది. ఆ వైద్యుని కథను చరిత్ర భద్రపరచినది. శాఖలు వేరైనను చెట్టు ఒక్కటే. ఒక కొమ్మకు నీరు పోసి మఱియొక కొమ్మను నఱకినచో చెట్టు నిలువదు. విజ్ఞానము చదివినవాడే తెలివిగలవాడనియు, చరిత్రయు భాషయు చదివినవాడు కాలము వృథా చేసికొనుననియు తలంచు తలిదండ్రులు ఈ సంగతి యోచింపవలెను.

మఱియొక సత్యము కలదు. ప్రశ్న పుట్టినది పల్లెలోనే. ఫలము పరీక్షకు వచ్చినది పల్లెకే. నడుమ మాత్రము అది దూరదేశములకు పోయి వచ్చినది. ఆ నడుమనున్న దారిని పల్లెబిడ్డలకు చూపునది గ్రంథాలయము. ఈ సంగతి గ్రహించియే అయ్యంకి వెంకట రమణయ్య ప్రభృతులు 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును స్థాపించిరి. ఆయనయు గోదావరి సీమవాడే. కొంకుదురున 1890లో జన్మించెను. కృష్ణా కాలువపై 1935లో పాతూరి నాగభూషణము పుస్తకములను పడవపై ఊరూరికి పంపెను. నీటికొఱకు త్రవ్విన కాలువ విద్యకును కాలువ యైనది.

రజతోత్సవము ముచ్చట తీర్చుకొనుటకు మాత్రమే కాదు, ముందు చేయవలసినది నిర్ణయించుకొనుటకును. ఈ గ్రంథాలయ సభ్యులు చేయదగినవి మూడు పనులు కలవు. మొదటిది: ఇండ్లలో అటకలపై నున్న తాటాకు గ్రంథములు, పాత దస్తావేజులు, ఉత్తరములు, వంశ వృత్తాంతములు చెదల పాలుగాని, చిత్తుకాగితముల వాని పాలుగాని కాకుండ చూచుట. యజమానులు ఇయ్యకపోయినను ఫరవాలేదు. ఛాయాచిత్రము తీసి, ఎవరి యింట ఏమున్నదో ఒక పట్టిక వ్రాసి గ్రంథాలయమున నుంచవచ్చును. రెండవది: ఒక మంచి పుస్తకము కుట్టించి, ఏ కార్తెలో ఎంత వాన కురిసినది, ఏ చేను ఎన్ని దినములు మునిగినది, ఏ వంగడము ఎంత పండినది, ఏ తెగులు వచ్చినది అను సంగతులను తేదీలతో వ్రాయుట. పది సంవత్సరముల పిమ్మట ఆ పుస్తకము మార్టేరు శాస్త్రజ్ఞులకే పనికివచ్చును. మూడవది: వైద్యశాఖవారు బిళ్ళలు పంచు దినమున చదువరులు ఇంటింటికి పోయి, భయపడువారికి కారణము విడమరచి చెప్పుట; తమ యింటి మురుగు గుంటను తాము పూడ్చుకొనుట.

ఈ మూడు పనులకును పట్టములు అక్కఱలేదు, ధనము అక్కఱలేదు. అడుగుటకు సిగ్గుపడని నోరును, వ్రాయుటకు బద్ధకింపని చేయియు ఉన్న చాలును. మినిమించిలిపాడు బాలునకును, భీమవరము బాలునకును మొదట నుండినవి అవియే.

నేడు ఈ గ్రంథాలయపు బల్లయొద్ద కూర్చుండి కాళ్ళూపుచు చదువుకొను పిల్లలలో ఏ పిల్లకు, ఏ పిల్లవానికి ఏ ప్రశ్న పుట్టనున్నదో ఎవరికిని తెలియదు. ఆ ప్రశ్న పుట్టిననాడు "నీకెందుకు?" అని కసరక, తగిన పుస్తకమును చేతికందించు పెద్దలు ఆ బల్లయొద్ద నుందురు గాక! స్వర్ణోత్సవ సభలో ప్రసంగింపవచ్చువాడు ధవళేశ్వరము, మార్టేరు, భీమవరము, మినిమించిలిపాడు అను నాలుగు పేర్లతోపాటు పెనుగొండ పేరునుకూడ చేర్చి చెప్పు భాగ్యము ఈ గ్రామమునకు కలుగుగాక!